4294967297 లోపల ఏముంది

429 కోట్ల 49 లక్షల 67 వేల 297. ఈ పది అంకెల సంఖ్య పైకి చూడటానికి మామూలుగానే ఉంటుంది. 2, 3, 5, 7 వంటి చిన్న ప్రధాన సంఖ్యలేవీ దీన్ని నిశ్శేషంగా భాగించవు. వంద దాకా, రెండు వందల దాకా, ఆరు వందల దాకా ఉన్న ప్రధాన సంఖ్యలన్నిటితో వరుసగా భాగించుకుంటూ పోయినా ప్రతిసారీ ఎంతో కొంత శేషం మిగులుతుంది. 115 ప్రధాన సంఖ్యలు అలా విఫలమయ్యాక 116వది గెలుస్తుంది. అది 641.

4294967297 = 641 × 6700417.

ఈ ఒక్క సమీకరణం సంఖ్యాశాస్త్రంలో ఒక పెద్ద నమ్మకాన్ని పడగొట్టింది. పదిహేడో శతాబ్దపు ఫ్రెంచి గణితజ్ఞుడు పియెర్ ద ఫెర్మా ఈ సంఖ్యను ప్రధాన సంఖ్య అనుకున్నాడు. అలా అనుకోవడానికి కారణం ఉంది. 2కు 1, 2, 4, 8, 16 ఘాతాలు వేసి ఒక్కొక్కదానికి ఒకటి కలిపితే 3, 5, 17, 257, 65537 వస్తాయి. అయిదూ ప్రధాన సంఖ్యలే. ఘాతాంకాన్ని ప్రతిసారీ రెట్టింపు చేస్తూ వెళ్తే ఎప్పుడూ ప్రధాన సంఖ్యే వస్తుందని ఫెర్మా 1640లో రాసిన లేఖల్లో ప్రకటించాడు. నిరూపణ తన దగ్గర లేదనీ ఒప్పుకున్నాడు. ఆ వరుసలో ఆరో సంఖ్య 2³² + 1, అంటే మన 4294967297. సుమారు తొమ్మిది దశాబ్దాల తరువాత గణితజ్ఞుడు గోల్డ్‌బాక్ రాసిన ఒక లేఖ ఈ ప్రశ్నను మరో గణితజ్ఞుడు లియొన్‌హార్డ్ ఆయిలర్ దృష్టికి తెచ్చింది. ఆయిలర్ 1732లో 641ని బయటపెట్టాడు.

చరిత్ర ఇంతవరకు చాలామందికి తెలిసిందే. తక్కువగా చెప్పుకునే విషయం మరొకటుంది. ఈ సంఖ్య గుట్టు విప్పడానికి కావలసిన పనిముట్లు దాదాపు అన్నీ ఫెర్మా సొంత గణితంలోనివే. ఆ కోణం నుంచి ఈ సంఖ్యను విప్పి చూస్తే, పెద్ద సంఖ్యల విషయంలో పరిమాణం కన్నా నిర్మాణం ఎంత ముఖ్యమో స్పష్టమవుతుంది.

ముందు పైపై లక్షణాలు. ద్విసంఖ్యామానంలో ఈ సంఖ్య ఒక 1, తరువాత వరుసగా 31 సున్నాలు, చివర మరో 1. దశాంశ పద్ధతిలో అంకెల మొత్తం 59 కనుక 3తో భాగించబడదు. చివరి రెండు అంకెలు 97. ఈ వరుసలోని సంఖ్యల్లో (వీటినే ఫెర్మా సంఖ్యలంటారు) 17 నుంచి మొదలుపెట్టి చివరి రెండంకెలు చూస్తే 17, 57, 37, 97 అని తిరిగి తిరిగి అదే వరుస వస్తుంది. ఒక్కో సంఖ్యలో ఒకటి తీసేసి, వర్గం చేసి, మళ్లీ ఒకటి కలిపితే తరువాతి సంఖ్య వస్తుంది కాబట్టి ఈ చక్రం తప్పదు. చూడముచ్చటగా ఉన్నా ఇవేవీ కారణాంకాల గురించి పెద్దగా చెప్పవు.

దీని ఇరుగుపొరుగు సంఖ్యలు మాత్రం చాలా చెబుతాయి. ఒకటి తక్కువైన 4294967296లో 2 తప్ప మరో ప్రధాన కారణాంకం లేదు, అది 32 సార్లు ఉంటుంది. 32 బిట్లలో నిలవ చేయగల విలువల సంఖ్య కూడా ఇదే కావడంతో కంప్యూటర్ రంగంలో ఉన్నవారికి ఇది బాగా పరిచయం. ఇంకొకటి తగ్గిస్తే వచ్చే 4294967295 మరీ ఆసక్తికరం. ఒక వర్గం నుంచి 1 తీసేస్తే దాన్ని రెండు సంఖ్యల లబ్ధంగా విడదీయవచ్చని బడి బీజగణితంలో నేర్చుకున్న సూత్రాన్ని మళ్లీ మళ్లీ వాడితే చాలు: 2³² − 1 = (2¹⁶ + 1)(2⁸ + 1)(2⁴ + 1)(2² + 1)(2 + 1). అంటే 65537 × 257 × 17 × 5 × 3. ఫెర్మా వరుసలోని మొదటి అయిదు సంఖ్యల లబ్ధం సరిగ్గా ఇదే.

కాబట్టి మన సంఖ్య ఆ అయిదింటి లబ్ధానికి 2 కలిపితే వచ్చేది. 3, 5, 17, 257, 65537లలో దేనితో భాగించినా శేషం 2. ఈ తర్కం వరుస పొడుగునా నిలుస్తుంది. ఏ రెండు ఫెర్మా సంఖ్యలకూ 1 తప్ప ఉమ్మడి భాజకం ఉండదు. ఈ విషయాన్ని గోల్డ్‌బాక్ 1730లో ఆయిలర్‌కు రాసిన లేఖలో వివరించాడు. వరుసలోని ప్రతి సంఖ్య కొత్త ప్రధాన కారణాంకాన్ని తెస్తుంది కనుక ప్రధాన సంఖ్యలు అనంతమని దీని నుంచి వెంటనే తేలుతుంది. వరుసలోని సంఖ్యలన్నీ ప్రధానమన్న ఊహ కూలిపోయినా, ప్రధాన సంఖ్యలకు అంతం లేదన్న నిజానికి ఆ వరుసే సాక్ష్యంగా నిలవడం నిజంగా గొప్ప విషయం.

ఇప్పుడు అసలు ప్రశ్న. 641 ఎలా దొరికింది?

ఒక సంఖ్య ప్రధానం కాకపోతే దాని వర్గమూలాన్ని మించని ప్రధాన కారణాంకం ఒకటైనా ఉండాలి. మన సంఖ్య వర్గమూలం 65536 కన్నా కాస్త ఎక్కువ. 65536 లోపు 6542 ప్రధాన సంఖ్యలున్నాయి. ఏ ఆధారమూ లేకుండా వెతికితే, చివరిదాకా వెళ్లాల్సి వచ్చినప్పుడు అన్ని భాగహారాలూ చేతితో చేయాలి.

ఇక్కడే ఫెర్మా చిన్న సిద్ధాంతం అక్కరకొస్తుంది. దీన్ని కూడా ఆయన 1640లోనే ప్రకటించాడు. ఒక ప్రధాన సంఖ్య ఏ సంఖ్యను భాగించదో, ఆ సంఖ్యను ప్రధాన సంఖ్య కన్నా ఒకటి తక్కువైన ఘాతానికి పెంచి ఆ ప్రధాన సంఖ్యతో భాగిస్తే శేషం 1 వస్తుందన్నది దాని సారం. ఏదో ఒక ప్రధాన సంఖ్య 2³² + 1ని భాగిస్తుందనుకుందాం. అప్పుడు ఆ ప్రధాన సంఖ్యతో 2³²ని భాగిస్తే శేషం −1 (అంటే ఆ ప్రధాన సంఖ్యకు ఒకటి తక్కువ) అవుతుంది. దాన్ని వర్గం చేస్తే 2⁶⁴కు శేషం 1. అంటే 2 ఘాతాల శేషాలు 64 అడుగుల తరువాత మళ్లీ మొదటికి వస్తాయి. అంతకన్నా ముందే రావు. ముందే వచ్చే పక్షంలో ఆ చక్రం పొడవు 64ను భాగించే చిన్న సంఖ్య, అంటే 32 గాని దాని భాజకం గాని కావాలి. అప్పుడు 2³²కు శేషం 1 అయి ఉండేది, −1 కాదు. చిన్న సిద్ధాంతం ప్రకారం చక్రం పొడవు, ప్రధాన సంఖ్యలో ఒకటి తీసేస్తే మిగిలినదాన్ని నిశ్శేషంగా భాగించాలి. కనుక కారణాంకం ఏదైనా సరే, 64 గుణిజానికి ఒకటి కలిపినట్టు ఉండి తీరాలి.

ఈ షరతుతో వెతకవలసినవి ఒక్కసారిగా తగ్గిపోతాయి. 65, 129, 193, 257, 321, 385, 449, 513, 577, 641 అని రాసుకుని వీటిలో ప్రధాన సంఖ్యలు కానివాటిని కొట్టేస్తే 193, 257, 449, 577, 641 మిగులుతాయి. అయిదో ప్రయత్నంలోనే సమాధానం చేతికి వస్తుంది. ఒక్క పూట కూడా పట్టని పని ఇది.

పందొమ్మిదో శతాబ్దంలో ఫ్రెంచి గణితజ్ఞుడు ఎడ్వార్డ్ లూకాస్ ఈ షరతును ఇంకా బిగించాడు. 64 గుణిజానికి ఒకటి కలిపిన ప్రధాన సంఖ్య ఏదైనా 8తో భాగిస్తే శేషం 1 ఇస్తుంది. అలాంటి ప్రధాన సంఖ్యల విషయంలో 2 కూడా ఒక వర్గానికి శేషంగా వస్తుంది. ఆ వర్గం దేనిదో ఆ సంఖ్య ఘాతాల శేషాలకు చక్రం 128 అడుగులుంటుంది. అందువల్ల కారణాంకం 128 గుణిజానికి ఒకటి కలిపినదై ఉండాలి. అప్పుడు 641 వరకు వచ్చే జాబితా 129, 257, 385, 513, 641 మాత్రమే. వీటిలో ప్రధాన సంఖ్యలు 257, 641. ఇందాక చూసినట్టు 257తో భాగిస్తే శేషం 2 అని భాగహారం చేయకుండానే తెలుసు. ఇక మిగిలింది 641 ఒక్కటే. 6542 భాగహారాలు కావలసిన చోట మొట్టమొదటి భాగహారమే ఫలిస్తుంది.

ఆ ఒక్క భాగహారం కూడా చేయకుండా 641 భాజకమని చూపించవచ్చు. ఈ వాదన అందం అంతా 641ను రెండు రకాలుగా రాయగలగడంలో ఉంది. ఒకటి, 641 = 640 + 1, ఇందులో 640 అంటే 5 × 2⁷. రెండు, 641 = 625 + 16, అంటే 5⁴ + 2⁴. ఇప్పుడు రెండు పెద్ద సంఖ్యలు తీసుకోవాలి. మొదటిది 2²⁸ × (5⁴ + 2⁴). ఇది 641కి గుణిజమని చూడగానే తెలుస్తుంది, విలువ 172067127296. రెండోది 640⁴ − 1. ఏ సంఖ్య నాలుగో ఘాతం నుంచైనా 1 తీసేస్తే, మిగిలినదాన్ని ఆ సంఖ్యకు ఒకటి కలిపినది భాగిస్తుంది. కాబట్టి ఇది కూడా 641కి గుణిజమే, విలువ 167772159999. మొదటిదాన్ని విస్తరిస్తే 2²⁸ × 5⁴ + 2³² వస్తుంది. రెండోది 2²⁸ × 5⁴ − 1. తీసివేస్తే పెద్ద పదం కొట్టుకుపోయి 2³² + 1 మిగులుతుంది. 641కి గుణిజాలైన రెండింటి భేదం కూడా 641కి గుణిజమే. సంఖ్యాశాస్త్రంలో ఇంత పొట్టిగా, ఇంత తేటగా ఉండే నిరూపణలు ఎన్నో ఉండవు.

భాగించగా వచ్చిన 6700417 సంగతేమిటి? అది కూడా ప్రధాన సంఖ్యే. దీన్ని నిర్ధారించడం మొదటి పని కన్నా కష్టం కాదు. దానికి కారణాంకం ఏదైనా ఉంటే అది మన అసలు సంఖ్యకూ కారణాంకమే కనుక 128 గుణిజం షరతు దానికీ వర్తిస్తుంది. 6700417 వర్గమూలం 2588 దాటి 2589 లోపు. ఆ హద్దు లోపల షరతుకు సరిపోయే ప్రధాన సంఖ్యలు 257, 641, 769, 1153, 1409 మాత్రమే. 257ను ముందే తొలగించాం. 641తో శేషం 44, 769తో 120, 1153తో 334, 1409తో 622. నాలుగే నాలుగు భాగహారాలు, కథ ముగిసింది. ఏడంకెల సంఖ్య ప్రధానమని నాలుగు భాగహారాలతో తేల్చడం మామూలుగా సాధ్యం కాదు. ఆ సంఖ్య ఏ ఇంటి నుంచి వచ్చిందో తెలియడమే ఇక్కడ బలం.

దీనితో మన సంఖ్యకు భాజకాలు సరిగ్గా నాలుగని తేలింది: 1, 641, 6700417, 4294967297. వీటి మొత్తం 4301668356. సంఖ్యను వదిలేసి మిగిలిన భాజకాలను కూడితే 6701059 మాత్రమే, సంఖ్య ముందు చాలా చిన్నది. దానికన్నా చిన్నవై, దానితో ఉమ్మడి కారణాంకం లేని సంఖ్యలు 640 × 6700416, అంటే 4288266240 ఉన్నాయి.

ఇప్పుడు ఫెర్మా గణితంలోని మరో పనిముట్టు. 4తో భాగిస్తే శేషం 1 ఇచ్చే ప్రతి ప్రధాన సంఖ్యనూ రెండు వర్గాల మొత్తంగా ఒకే ఒక్క విధంగా రాయవచ్చని ఫెర్మా ప్రకటించాడు. ఆయిలర్ దానికి నిరూపణ ఇచ్చాడు. మన సంఖ్య పుట్టుకతోనే రెండు వర్గాల మొత్తం: 65536² + 1². ఇది ప్రధాన సంఖ్యే అయితే ఇంకో విధంగా రాయడం కుదరదు. కానీ కుదురుతుంది:

62264² + 20449² = 3876805696 + 418161601 = 4294967297.

ఒక్క భాగహారమూ లేకుండా ఈ ఒక్క పంక్తితో సంఖ్య ప్రధానం కాదని రుజువైపోతుంది. పైగా 20449 కూడా వర్గమే, 143 వర్గం. కనుక మన సంఖ్య ఒక వర్గానికీ ఒక నాలుగో ఘాతానికీ మొత్తం కూడా.

ఈ రెండు రూపాలను పక్కపక్కన పెడితే కారణాంకాలు వాటంతటవే బయటికి వస్తాయి. 65536 నుంచి 62264 తీసేస్తే 3272. 20449 నుంచి 1 తీసేస్తే 20448. ఈ రెండింటి గరిష్ఠ సామాన్య భాజకం 8. దానితో భాగిస్తే 409, 2556 వస్తాయి. వీటి వర్గాలను కూడితే సరిగ్గా 6700417! తరువాత 65536కు 62264 కలిపితే 127800. దీనికీ 20448కీ గరిష్ఠ సామాన్య భాజకం 5112. భాగిస్తే 25, 4. వర్గాల మొత్తం 625 + 16 = 641. రెండు కారణాంకాలూ వాటి వర్గాల జంటలతో సహా దొరికాయి. ఆయిలర్ కారణాంకాల కోసం వాడిన పద్ధతుల్లో ఇదొకటి. ఈ సంఖ్య విషయంలో రెండో రూపాన్ని చేతితో వెతికి పట్టుకోవడం కష్టమే, 641 తెలిశాక రాబట్టడం తేలిక. అయినా సంఖ్య లోపలి అమరికను ఇంత నేరుగా చూపించే లెక్క మరొకటి లేదనిపిస్తుంది.

అమెరికాలో 1804లో పుట్టిన జెరా కోల్బర్న్ చిన్నతనంలోనే మనోగణితంతో పేరు తెచ్చుకున్నాడు. లండన్ ప్రదర్శనల్లో ఈ సంఖ్యకు 641 భాజకమని ఆ పిల్లవాడు మనసులోనే లెక్కించి చెప్పాడని ఆనాటి వృత్తాంతాలున్నాయి. అది అబ్బురపరిచే ప్రతిభ. కానీ 641 భాజకమని చెప్పడం వేరు, 641 తప్ప ముందుగా పరీక్షించదగినది మరొకటి లేదని చెప్పడం వేరు. రెండోదే గణితం.

మరి ఇంత త్వరగా విడిపోయే సంఖ్యను ప్రధానమని పొరబడే అవకాశం ఎందుకుంది? ఒక కారణం ఈ సంఖ్య నిర్మాణంలోనే ఉంది. ఒక సంఖ్య ప్రధానమో కాదో చూడటానికి చిన్న సిద్ధాంతాన్నే పరీక్షగా వాడవచ్చు. సంఖ్యలో ఒకటి తగ్గించి, ఆ ఘాతానికి 2ను పెంచి, సంఖ్యతో భాగిస్తే శేషం 1 రావాలి. రాకపోతే ప్రధానం కాదని ఖాయం. మన సంఖ్యతో 2³²ని భాగిస్తే శేషం −1 కనుక 2⁶⁴ని భాగిస్తే శేషం 1. పరీక్షకు కావలసిన ఘాతాంకం 4294967296, అది 64కి గుణిజం. కాబట్టి శేషం 1 వచ్చి తీరుతుంది. ప్రధానం కాని మన సంఖ్య పరీక్షలో నెగ్గుతుంది! ఈ వరుసలోని సంఖ్యలన్నీ ఇలాగే నెగ్గుతాయి. 2తో చేసే పరీక్ష ఫెర్మా సంఖ్యల విషయంలో ఏమీ చెప్పలేదు.

2 బదులు 3 వాడితే ముసుగు తొలగిపోతుంది. ప్రతిదాన్నీ వర్గం చేసి 641తో శేషం తీసుకుంటూ పోతే 3, 9, 81, 151, 366, 628, 169, 357 వస్తాయి. చివరిది 3¹²⁸కు శేషం. 641లో ఒకటి తీసేస్తే 640, అంటే 128 × 5. అందువల్ల వర్గాలు చేస్తూ ఎప్పటికైనా 1 రావాలంటే ఇక్కడికే వచ్చి ఉండాలి. రాలేదు కనుక ఇక ముందూ రాదు. 641తోనే శేషం 1 కానప్పుడు దాని గుణిజమైన మన సంఖ్యతో కూడా కాదు. 1877లో గణితజ్ఞుడు పెపిన్ దీన్ని సంపూర్ణమైన పరీక్షగా మలిచాడు. 3 కన్నా పెద్దదైన ఫెర్మా సంఖ్యలో ఒకటి తీసేసి సగం చేసి, ఆ ఘాతానికి 3ను పెంచితే శేషం −1 వస్తే అది ప్రధానం, రాకపోతే కాదు. మన సంఖ్యకు ఈ పరీక్షలో 31 సార్లు వర్గం చేస్తే చాలు. అయితే ప్రధానం కాదని తేల్చినా కారణాంకం ఏమిటో ఈ పరీక్ష చెప్పదు.

ఈ సంఖ్య ప్రధానమా కాదా అన్న ప్రశ్న ఒక్క సంఖ్యాశాస్త్రంతో ఆగిపోలేదు. కార్ల్ ఫ్రెడరిక్ గాస్ 1796లో పదిహేడు భుజాల క్రమ బహుభుజిని కొలబద్ద, వృత్తలేఖినితో గీయవచ్చని కనుగొన్నాడు. భుజాల సంఖ్య బేసి అయినప్పుడు, అది వేర్వేరు ఫెర్మా ప్రధాన సంఖ్యల లబ్ధమైతేనే అలా గీయడం సాధ్యం. ఇందులో ‘అయితేనే’ అన్న భాగాన్ని 1837లో గణితజ్ఞుడు వాంట్‌జెల్ నిరూపించాడు. తెలిసిన ఫెర్మా ప్రధాన సంఖ్యలు అయిదే కనుక, సిద్ధాంతరీత్యా గీయగల క్రమ బహుభుజుల్లో ఇప్పటికి తెలిసిన అతిపెద్ద బేసి భుజాల సంఖ్య వాటి లబ్ధం, అంటే 4294967295. మన సంఖ్యకు రెండు తక్కువ. అన్ని భుజాలున్న బొమ్మను గీయవచ్చు గాని, ఇంకో రెండు భుజాలు చేర్చి గీయడం అసాధ్యం.

వరుసలో తరువాతి సంఖ్య 18446744073709551617. దీన్ని 274177 భాగిస్తుంది. ఈ విభజనను ఫోర్త్యునె లాండ్రీ 1880లో, ఎనభై రెండేళ్ల వయసులో ప్రచురించాడు. 274177లో ఒకటి తీసేస్తే 256 × 1071. అంటే మన సంఖ్య దగ్గర 128 ఉన్న చోట ఇక్కడ 256 ఉంది, సూత్రం అదే. ఆ తరువాతి సంఖ్య 39 అంకెలది, 1970లో కంప్యూటర్ సాయంతోనే విడిపోయింది. 65537 తరువాత ఇంతవరకు ఒక్క ఫెర్మా ప్రధాన సంఖ్య కూడా కనిపించలేదు. 2³² + 1 మొదలుకుని వరుసగా 28 సంఖ్యలు ప్రధానం కావని తేలిపోయింది. వాటిలో కొన్నింటికి కారణాంకం ఒక్కటి కూడా ఎవరికీ తెలియదు. పెపిన్ పరీక్షలో తప్పాయి కాబట్టి కారణాంకాలున్నాయని మాత్రమే తెలుసు. ఆ 28 తరువాతి సంఖ్యలో 258 కోట్లకు పైగా అంకెలున్నాయి. అది ప్రధానమో కాదో ఇంకా తేలలేదు.